చెరువుల వద్ద శాటిలైట్ ఇంటర్నెట్: అయిదో రోజుకే వేగం పడిపోతోంది

చెరువుగట్టు:
నమస్కారమండీ. మొగల్తూరు అవతల, సముద్రం వైపున్న మా రొయ్యల చెరువులకు ఫైబర్ రాలేదు. మొబైల్ సిగ్నల్ గట్టు మీద ఒక్క మూలనే అందుతుంది. అందువల్ల డిష్ పెట్టించుకుని, 10 ఎంబీపీఎస్ వేగంతో నెలకు 100 జీబీ వచ్చే శాటిలైట్ ప్లాన్ తీసుకున్నాను. ప్రతి నెలా అయిదో రోజుకే పరిమితి అయిపోయి, వేగం 512 కేబీపీఎస్‌కు పడిపోతోంది. ఆ తరువాత ఏరియేటర్ (చెరువు నీటికి గాలి అందించే యంత్రం) ఆగిందన్న హెచ్చరిక కూడా ఫోనుకు సమయానికి చేరడం లేదు. షెడ్డులో సినిమాలు చూసేవారెవరూ లేరు, ఉన్నవి రెండు కెమెరాలే. పెద్ద ప్లానుకు మారడమే దారియా?

లెక్కలపుస్తకం:
మారకండి, ముందు ఆ కెమెరాలను చూడండి. అవి రాత్రింబవళ్లు వీడియోను క్లౌడ్‌కు, అంటే ఇంటర్నెట్‌లోని నిల్వకు, పంపుతున్నాయా? ఒక్కొక్కటి 1 ఎంబీపీఎస్ (సెకనుకు ఒక మెగాబిట్) చొప్పున పంపినా, ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక, గంటకు 450 ఎంబీ, రోజుకు 10.8 జీబీ అవుతుంది. రెండింటికీ 21.6 జీబీ. మీ 100 జీబీ సరిగ్గా అయిదో రోజున అయిపోతుంది! మనం తెచ్చుకునేదే వాడకమని చాలామంది అనుకుంటారు గానీ, ఇటువంటి ప్లాన్లలో సాధారణంగా పంపేది కూడా లెక్కలోకి వస్తుంది.

పరిమితి దాటాక కూడా కెమెరాలు ఆగవు. అర ఎంబీపీఎస్ దారిలో అవి రెండు ఎంబీపీఎస్ తోయాలని చూస్తాయి కనుక, చిన్న హెచ్చరిక సందేశానికి చోటు మిగలదు. నిజానికి సందేశాలకు 512 కేబీపీఎస్ ధారాళంగా సరిపోతుంది. వీడియోను కెమెరాలోని మెమరీ కార్డుకో, షెడ్డులో పెట్టిన రికార్డరుకో మళ్లించి, కదలిక కనబడినప్పుడు ఒక్క ఫొటో మాత్రమే బయటకు వెళ్లేలా అమర్చుకోండి.

శివారుకాలువ:
లెక్క బాగుంది. అయితే వేగం తగ్గిన ప్రతిసారీ పరిమితినే తప్పుపట్టకూడదు. దాళ్వాలో (రెండో పంటలో) కాలువ నీరు చాలనప్పుడు వంతులు వేసినట్లే, ఉపగ్రహం నుంచి ఒక ప్రాంతం మీద పడే బీమ్ సామర్థ్యాన్ని అక్కడి వినియోగదారులందరూ పంచుకోవాలి. పరిమితి పెట్టడానికి ముఖ్య కారణం అదే. సాయంత్రం వేళ మాత్రమే నెమ్మదిస్తే అది రద్దీ. అర్ధరాత్రి కూడా అలాగే ఉంటే పరిమితి దాటినట్లు. జోరువానలో పడిపోయి, వాన తగ్గగానే కోలుకుంటే, ఉపగ్రహం నుంచి వచ్చే రేడియో తరంగాలను వాన పీల్చుకోవడమే కారణం. దానికి ఎంత పెద్ద ప్లాన్ కొన్నా ప్రయోజనం ఉండదు.

మరొకటి. మీ డిష్ భూస్థిర ఉపగ్రహం (నేల మీది నుంచి చూస్తే ఆకాశంలో ఒకేచోట నిలిచి ఉన్నట్లుండేది) వైపు తిరిగి ఉంటే, అది భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల పైన ఉంటుంది కనుక, సమాధానం రావడానికి అర సెకనుకు పైగా పడుతుంది. వీడియో కాల్‌లో మాట వెనకబడితే దానిని వేగం లోపమని అనుకోకండి. దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే స్టార్‌లింక్ వంటి ఇంటర్నెట్ సేవల ఉపగ్రహాలలో ఈ జాప్యం చాలా తక్కువ. అక్కడ కూడా సామర్థ్యాన్ని పంచుకోక తప్పదు.

చెరువుగట్టు:
ధన్యవాదాలండీ. ఇప్పుడే మోడెమ్ పేజీ చూశాను. వాడకంలో దాదాపు అంతా పంపినదే. కెమెరాలు బిగించినవారు క్లౌడ్ సంగతి మాటమాత్రం చెప్పలేదు. రేపు నరసాపురం వెళ్లి మెమరీ కార్డులు తెస్తాను. అంతవరకు రెండో కెమెరాను ఆపి ఉంచాను.