200 మి.మీ. డ్రాపర్ పోస్ట్ దిగడం లేదు, మోటార్ విప్పాల్సిందేనా?

మిడ్ మోటార్ (పెడళ్ల దగ్గర, సీట్ ట్యూబ్ కింద మోటార్ ఉండే) ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్, సీట్ ట్యూబ్ 31.6 మి.మీ. డ్రాపర్ అంటే హ్యాండిల్ దగ్గరి లీవర్‌తో సీటును దించుకునే పోస్ట్; 150, 200 అనేవి సీటు దిగే దూరం (ట్రావెల్), మి.మీ.లో. పాత 150 డ్రాపర్ కాలర్ (పోస్ట్ కింది గొట్టం పై అంచు) సీట్ క్లాంప్ పైన 60 మి.మీ. తేలి ఉండేది. లెక్కకి కొత్త 200 పోస్ట్ 10 మాత్రమే తేలాలి, అంటే 275 లోపలికి దిగాలి. 245 దగ్గర ఆగిపోతోంది. సీటు 30 మి.మీ. ఎత్తైపోయి పెడల్‌కి మడమ అందట్లేదు.

కేబుల్ లేకుండా ఉత్త పోస్ట్ వేస్తే 280 దాకా సాఫీగా దిగింది, కాబట్టి ట్యూబ్‌లో అడ్డేం లేదు. హ్యాండిల్ దగ్గర ఒకరు అవుటర్ (కేబుల్ పై తొడుగు) లాగుతూ ఇంకొకరు నొక్కితే 235 నుంచి 245కి వచ్చి బిగుసుకుంది. పైకి తీసి చూస్తే అవుటర్ మీద, కొసకి నాలుగు వేళ్ల కింద, తెల్లటి మడత గీత. మోటార్ పైనే ముడుచుకుంటోంది. కొత్త అవుటర్‌కీ అదే గీత పడింది. స్పేసర్లతో ట్రావెల్ 180కి తగ్గించినా ఇంకా 10 ఎక్కువే (పైగా రామతీర్థం కొండ దిగుడుకే కదా ఈ 200).

విజయనగరంలో ఈ మోటార్ విప్పే మెకానిక్ దొరకలేదు, నేనే చేసుకోవాలి. బ్యాటరీ తీసేసి, పై బోల్టులు ఊడదీసి మోటార్‌ని కాస్త కిందికి వంచితే అవుటర్ దారి మార్చడానికి చెయ్యి పడుతుందా, లేక వైర్లన్నీ పీకి మోటార్ పూర్తిగా దించాల్సిందేనా?