సమస్య: కుక్క యుదయింప లోకమ్ము కుమిలిపోయె

నిర్వాహకుడు: పై పాదం చివర వచ్చేలా పద్యం పూరించాలి. పాదం తేటగీతి. ఇంగ్లీషువాళ్ల పాత పంచాంగాల్లో జూలై 3 నుంచి ఆగస్టు 11 దాకా ‘డాగ్ డేస్’, అంటే కుక్క రోజులు. వీధికుక్కలకూ దీనికీ సంబంధం లేదు. గ్రీకులకు, రోమన్లకు సిరియస్ నక్షత్రమే కుక్క. కొన్ని వారాలు కనబడకుండాపోయిన ఆ చుక్క, నడివేసవిలో సూర్యుడికి కాస్త ముందు తూర్పున తేలేది. ఎండలూ జ్వరాలూ దానివల్లేనని వాళ్ల నమ్మకం. ఇక కానివ్వండి.

కొండపల్లి బొమ్మ:
వేకువను తూర్పుదెసయందు వెలుగు చుక్క
సూర్యుతో గూడి పొడసూప శునక తార
నాటి గ్రీకుల నెత్తిపై నగ్గి గురిసె
కుక్క యుదయింప లోకమ్ము కుమిలిపోయె

నిర్వాహకుడు: ధార బాగుంది. మూడో పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జత కుదరడం) తప్పింది. ‘పై నగ్గి’లో నకారం సంధిలో వచ్చి చేరిన ద్రుతానిది, ‘అగ్గి’ది కాదు. యతి అచ్చుకే చెల్లాలి గనుక ‘నా’తో కుదరదు. ‘నాటి’ తీసేసి ‘అపుడు’ అనండి, సరిపోతుంది. ఇంకోటి, రెండో పాదంలో పొడిచిన చుక్కే నాలుగో పాదంలో మళ్లీ ఉదయించింది. ఒక్క తెల్లవారుజామున రెండుసార్లా అమ్మా!

నల్లరేగడి:
చుక్క జూచి యీజిప్టున సొంపు మీర
నైలు పొంగెడు గుర్తుగా నమ్మి రైతు
పొలము దున్నగ, రోములో పొగిలి రిట్లు:
“కుక్క యుదయింప లోకమ్ము కుమిలిపోయె”

నిర్వాహకుడు: భేష్! సమస్యను రోమన్ల నోట పెట్టేసి చల్లగా జారుకున్నారు. ఛందస్సులో వంక లేదు.

కొండపల్లి బొమ్మ: వంక సేద్యంలో ఉందండీ. వరదొస్తుంటే దున్నడమేమిటి? నైలు నీరు తీసి, ఒండ్రు మిగిలాక కదా అక్కడ విత్తేది. ‘పొంగిపోవగ, రోములో’ అంటే గణాలూ యతీ కదలవు. నదీ పొంగుతుంది, రైతూ పొంగుతాడు.

నల్లరేగడి: తీసుకున్నాను. పద్యం నాకన్నా మీకే బాగా వచ్చింది!

చుక్కల చూరు: పద్యం రాదు, లెక్క చెప్తాను. సిరియస్ 8.6 కాంతి సంవత్సరాల దూరం. దాని వేడి మనకు తగిలేది సున్నా. జూన్ 21 దాటినా ఉత్తరార్ధగోళంలో నేలా సముద్రమూ ఇంకా వేడెక్కుతూనే ఉంటాయి, అసలు ఉక్క అందుకు. మనవాళ్లకు అదే చుక్క మృగవ్యాధుడు. రోళ్లు పగిలే రోహిణి కార్తె మాత్రం అప్పటికే వెళ్లిపోయుంటుంది. కుక్కమీద మనకు నెపం లేదు.

నిర్వాహకుడు: వాళ్లకు కుక్క, మనకు వేటగాడు. మంచి సరుకు దొరికింది, వాణ్ని పెట్టి ఎవరైనా పూరించండి. ఈ పాదం కందంలో కుదరదు. సీసం రాసి, దాని చివర వచ్చే ఎత్తుగీతిలో ఇరికించినా సరే.