‘ఐపీ పెట్టాడు’ అనే మాట ఎప్పటి నుంచి వాడుకలో ఉంది?

అప్పులు ఎగ్గొట్టి ఊరు వదిలి పోయినవాణ్ని కూడా ‘ఐపీ పెట్టాడు’ అనేస్తున్నారు. అసలు అర్థం వేరు. ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్, అంటే దివాలా ప్రకటించమని కోర్టులో వేసే అర్జీ. కోర్టు కాగితాల్లో ‘ఐ.పి. నెం.’ అని వేసే అంకె నుంచే ఇది జనం నోటికి ఎక్కిందని నా అంచనా.

1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద 500 రూపాయల అప్పుంటే చాలు, బాకీదారే పిటిషన్ వేసుకోవచ్చు. అప్పిచ్చినవాడికీ వేసే హక్కుంది. అయితే వేయగానే బాకీ రద్దవదు. కోర్టు దివాలా ప్రకటించాలి, ఆస్తి రిసీవరు (కోర్టు నియమించే అధికారి) చేతికి వెళ్లి అప్పిచ్చినవాళ్లకు దామాషాగా పంచాలి, బాకీల నుంచి విడుదల చేస్తూ ఉత్తర్వు రావాలి. సర్కారు బాకీ, మోసంతో చేసిన అప్పు అప్పటికీ తీరవు. పిటిషన్‌కు ముందు రెండేళ్లలో బావమరిదికి ఊరికే రాసిచ్చిన పొలాన్ని కూడా కోర్టు వెనక్కి లాగగలదు.

1947కు ముందరి తెలుగు పత్రికల్లో, కోర్టు ప్రకటనల్లో ‘ఐపీ’ ఎవరికైనా కనిపించిందా? లేక ‘దివాలా అర్జీ’ అనే ఉందా? నిజాం ఇలాకాలో కోర్టు భాష ఉర్దూ కదా, అక్కడి తెలుగువాళ్లు దీన్ని ఏమనేవారు? దొరికితే పూర్తి వాక్యం, తేదీ, ఊరు రాయండి. ‘ఐ.పి.’, ‘ఐ.పీ.’ రెండు రకాలుగానూ వెతకండి, దయచేసి.