విశాఖ ఉక్కలో ఉంగరాల జుట్టుకు ఏం రాయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నాది చిన్నప్పటి నుంచీ రింగుల జుట్టే, భుజాల కిందకు ఉంటుంది. హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్లు తలస్నానం తర్వాత లీవ్-ఇన్ కండిషనర్ (రాసి కడగకుండా వదిలేసేది), కర్ల్ క్రీమ్ రాస్తే సరిపోయేది. ఉద్యోగం మారి మార్చిలో విశాఖపట్నం వచ్చాను. అవే సీసాలు, అదే పద్ధతి. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు రింగులు చక్కగానే ఉంటాయి. ఆఫీసు చేరేసరికి తలంతా పొంగిపోయి, దూది ఏకినట్టు అవుతోంది. ఇంకాస్త క్రీమ్ రాస్తే కింద జిడ్డుగా వేలాడుతోంది, పైన రేగడం మాత్రం తగ్గట్లేదు. ఇప్పటికే మూడు కొత్త సీసాలు కొన్నాను. వచ్చే నెల తమ్ముడి పెళ్లి. ఇంట్లో అందరూ స్ట్రెయిటెనింగ్ చేయించుకోమంటున్నారు. నాకు నా జుట్టంటే ఇష్టం, కానీ టెన్షన్‌గా ఉంది. ఏం కొనమంటారు?

మొదటి జవాబు:
చెల్లీ, ముందు ఇంకేమీ కొనకు. నీ దగ్గరున్న సీసాల వెనక పదార్థాల పట్టీ చూసి, గ్లిజరిన్ ఎన్నో పేరుగా ఉందో చెప్పు.

అడిగినవారు:
క్రీమ్‌లో నీళ్ల తర్వాత రెండో పేరే గ్లిజరిన్ అక్కా. లీవ్-ఇన్‌లో నాలుగోది. ఆ తర్వాత తేనె, కలబంద కూడా ఉన్నాయి.

మొదటి జవాబు ఇచ్చినవారు:
అనుకున్నాను. నాకూ ఇదే జరిగింది, నేను కాకినాడ కోడలిని. ఆ పట్టీలో ఏది ఎక్కువ పాళ్లలో ఉంటే దాని పేరు ముందు వస్తుంది. అంటే నీ క్రీమ్‌లో గ్లిజరిన్ బాగా ఉంది. గ్లిజరిన్, తేనె లాంటివి తేమను పట్టుకునే పదార్థాలు. హైదరాబాద్ గాలిలో అవి నీకు మేలు చేశాయి. సముద్రం పక్కన గాలి నిండా తేమే కదా, ఆ తేమను జుట్టులోకి లాగుతూనే ఉంటాయి. వెంట్రుక ఉబ్బుతుంది, రింగు విడిపోతుంది. నువ్వు క్రీమ్ ఎక్కువ రాసిన కొద్దీ గ్లిజరిన్ కూడా ఎక్కువవుతోంది.

ఇంకో సంగతి. వెంట్రుక తడిసినప్పుడు లోపలి కొన్ని బంధాలు వదులై, ఆరేటప్పుడు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలో మళ్లీ బిగుస్తాయి. అందుకే రింగు కుదిరేది ఆరే సమయంలోనే. తేమ గాలి తగిలితే ఆ బంధాలు మళ్లీ వదులవుతాయి. దాన్ని ఆపాలంటే వెంట్రుక చుట్టూ సన్నటి పొర ఉండాలి. ఆ పని క్రీమ్ చేయదు, జెల్ చేస్తుంది. క్రీమ్ మెత్తదనం ఇచ్చి పాయలను దగ్గరకు చేరుస్తుంది, అంతే. నీ దగ్గర మెత్తబరిచేవి రెండున్నాయి, పట్టి ఉంచేది ఒక్కటీ లేదు.

కాబట్టి నువ్వు కొనాల్సింది ఒక్క జెల్. మొదటి అయిదారు పేర్లలో గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, తేనె లేకుండా చూసుకో. పీవీపీ, వీపీ/వీఏ కోపాలిమర్, పాలీక్వాటర్నియం-11 లాంటి పేర్లుంటే అది పొర కట్టే జెల్ అన్నమాట. సీసా ముందు వైపు ‘కర్లీ జుట్టు కోసం’ అని రాసి ఉండకపోయినా పర్వాలేదు.

రాసే పద్ధతి కూడా మార్చాలి. నీళ్లోడుతూ ఉండగానే, స్నానాల గదిలోనే రాసేయి. తువ్వాలుతో తుడిచాక రాస్తే అప్పటికే ఆలస్యం. తలను నాలుగు పాయలు చేసి, ఒక్కో పాయకు రూపాయి బిళ్లంత జెల్ రెండు అరచేతుల మధ్య పెట్టి కిందకు దువ్వినట్టు లాగు. తర్వాత కింద నుంచి పైకి గుప్పిట్లో పిసుకు. పిచపిచమని చప్పుడు రావాలి, రాకపోతే ఇంకొన్ని నీళ్లు చల్లుకో. పాత కాటన్ టీషర్టుతో అద్ది వదిలేయి. రుద్దొద్దు. తర్వాత పూర్తిగా ఆరేదాకా చెయ్యి పెట్టొద్దు, ఇక్కడే చాలామంది ఆగలేక పాడు చేసుకుంటారు. మన ఊళ్లలో ఉక్కకు త్వరగా ఆరదు, ఫ్యాన్ కింద కూర్చో. లేదా డ్రయ్యర్‌కు డిఫ్యూజర్ (గాలిని చెదరగొట్టే గిన్నె లాంటి మూత) తగిలించి తక్కువ వేడిలో ఆరబెట్టు.

ఆరాక జుట్టు అప్పడంలా గట్టిపడుతుంది. కంగారు పడకు, అలాగే అవ్వాలి. అప్పుడు అరచేతిలో రెండు చుక్కలు నూనె రాసుకుని గుప్పిట్లో మెల్లగా నలిపితే ఆ పెళుసుదనం పోయి, రింగులు మాత్రం మిగులుతాయి.

రెండో జవాబు:
బాగా చెప్పారండీ. ఒక్కటి కలుపుతాను. ఒక్క వెంట్రుక తీసి వేళ్ల మధ్య నలిపి చూడండి. ఉందో లేదో తెలియనంత సన్నగా ఉంటే మీకు క్రీమే వద్దు, నురగలా వచ్చే మూస్, దాని మీద కొద్దిగా జెల్ చాలు. కుట్టు దారంలా చేతికి తగిలితే గ్లిజరిన్ తక్కువున్న క్రీమ్ కాస్త రాసి, పైన జెల్ రాయండి. జిడ్డుగా వేలాడుతోందంటున్నారు కాబట్టి మీది సన్న వెంట్రుకే అనిపిస్తోంది. ఇంకా, రెండు సీసాలు కలిపి వాడేముందు చెరో చుక్క అరచేతిలో వేసి రుద్దండి. తెల్లటి పలుకులు కట్టాయంటే ఆ రెండూ పొసగవు. తలలో చుండ్రులా కనిపిస్తుంది.

అడిగినవారు:
దారంలా లేదండీ, అసలు తెలియనే లేదు! అయితే క్రీమ్ మానేస్తాను. ఇంకో సందేహం. పట్టీలో ఆల్కహాల్, సిలికోన్ ఉంటే కొనొద్దని ఎక్కడో చదివాను. పెళ్లికి తలంటు కుంకుడుకాయతోనే అంటోంది అమ్మ. పర్వాలేదా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
ఆల్కహాల్ అన్నీ ఒకటి కాదమ్మా. సిటైల్, సిటియరిల్, స్టియరిల్ ఆల్కహాల్ అనేవి మైనం లాంటివి, జుట్టును మెత్తబరుస్తాయి. పట్టీ మొదట్లోనే ‘ఆల్కహాల్ డీనాట్’ అని ఉంటేనే ఆలోచించు, అది ఆరబెడుతుంది.

సిలికోన్ గురించి నా మాట కొందరికి నచ్చదు. సముద్రం పక్కన డైమెథికోన్ అనే సిలికోన్ చుక్క మంచి గొడుగు లాంటిది, తేమను ఆపుతుంది. కాకపోతే నీళ్లతో పోదు. ఎప్పుడూ సున్నితమైన షాంపూలే వాడేవాళ్లకు పేరుకుపోయి జుట్టు బరువెక్కవచ్చు. నెలకు రెండుసార్లు గట్టిగా శుభ్రం చేసే షాంపూ వాడితే చాలు.

కుంకుడుకాయ శుభ్రంగా వాడుకో, పెళ్లిలో అమ్మ చేతి తలంటు వదులుకుంటామా! కానీ ఆ రసం నూనెనంతా లాగేస్తుంది. మన జుట్టు మెలికలు తిరిగి ఉంటుంది కాబట్టి మాడు నుంచి వచ్చే నూనె చివర్ల దాకా జారదు, చివర్లు ముందే పొడిగా ఉంటాయి. ముందురోజు రాత్రి కొబ్బరినూనె పట్టించు. అది వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు మాంసకృత్తులు పోకుండా కాపాడుతుంది. తలంటు అయ్యాక కండిషనర్ తప్పనిసరి. చిక్కులు తీయడం కండిషనర్ ఉండగానే, పెద్ద పళ్ల దువ్వెనతో.

స్ట్రెయిటెనింగ్ మాట మాత్రం వినకు. పార్లర్లలో చేసే రీబాండింగ్ అనే స్ట్రెయిటెనింగ్‌లో వెంట్రుక లోపలి గట్టి బంధాలనే తెంపి తిన్నగా అతికిస్తారు. నచ్చకపోతే కడిగేస్తే పోదు, కొత్త జుట్టు పెరిగేదాకా ఆగాలి. మా చిన్నమ్మాయి ఒక పార్లర్‌లో చేయించుకుంది. కుదుళ్ల దగ్గర రింగులు, కింద కర్రల్లాంటి జుట్టుతో రెండేళ్లు బాధపడింది. చివరికి కత్తిరించేశాం. ఆ రోజు దాని ఏడుపు చూడలేకపోయాను.

మూడో జవాబు:
ఖర్చు వద్దనుకునేవాళ్లకు అవిసె గింజల జెల్ ఉంది. పావు కప్పు గింజలు, రెండు కప్పుల నీళ్లు. సన్నని మంట మీద కలుపుతూ, కోడిగుడ్డు తెల్లసొనలా తీగ సాగగానే దించాలి. వేడి మీదే పల్చటి బట్టలో పిండాలి, చల్లారితే గింజలు వదలవు. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది, వాసన మారితే పారేయండి. మాది కరీంనగర్, ఎండాకాలం నాకు ఇదొక్కటే చాలు. విశాఖ ఉక్కకు మాత్రం దీని పట్టు చాలదనే అనుకుంటున్నాను. పెళ్లి రోజు కొన్న జెలే వాడండి.

రెండో జవాబు ఇచ్చినవారు:
బోరు నీళ్లు వాడేవాళ్లు కూడా ఒకటి గమనించండి. ఏ జెల్ రాసినా జుట్టు గరుకుగానే ఉంటే ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం వెంట్రుకకు పట్టి ఉండొచ్చు. అలా పట్టినవాటిని వదిలించే, ఈడీటీఏ ఉన్న చెలేటింగ్ షాంపూ ఒకసారి వాడి చూసి, ఆ తర్వాతే జెల్ మార్చండి.

అడిగినవారు, రెండు వారాల తర్వాత:
అక్కా, జెల్ ఒక్కటే కొన్నాను, క్రీమ్ పక్కన పెట్టేశాను. నిన్న ఆదివారం మీరు చెప్పినట్టే రాసి, ఆరేదాకా ముట్టుకోకుండా కూర్చున్నాను. సాయంత్రం బీచ్ రోడ్డులో గంట నడిచాను. ముందు వైపు, పక్కల రింగులు కదల్లేదు! వెనక, మెడ పైభాగంలో మాత్రం ఇంకా రేగుతోంది. అక్కడేం చేయాలి?

మొదటి జవాబు ఇచ్చినవారు:
ఎంత సంతోషమో! వెనక లోపలి పాయకు జెల్ అందలేదు, అంతే. ఈసారి తల ముందుకు వంచి, మొదటి బిళ్లంత జెల్ అక్కడే రాయి. పెళ్లికి ముందు ఇంకో రెండు ఆదివారాలు చేసి చూసుకో. పూలు జుట్టు పూర్తిగా ఆరాకే పెట్టించుకో, తడి మీద పిన్నులు గుచ్చితే ఆ చోట రింగు విరిగిపోతుంది.