తెల్లారేసరికి కుంటలో చేపలు తేలినాయి, ఎవరైనా మందు కలిపినారా?

గుత్తి పక్క పల్లె:
అన్నలూ, ఊరి కింద కుంటను మా సంఘం తరఫున వేలంలో పాడుకుని బొచ్చె, రోహు, మోసు పిల్లలు వదిలినాం. బాగా ఎదిగినాయి. మూడు రోజులు మబ్బు పట్టి, మొన్న రాత్రి ఉరుములతో గట్టి వాన పడింది. నిన్న తెల్లారి పోయి చూస్తే పెద్ద బొచ్చెలన్నీ వెల్లకిలా తేలి ఉన్నాయి. పైన చీనీ తోట ఉంది, ఆ తోటాయనకూ మాకూ నీళ్ల దగ్గర పాత తగాదా. ఆయనే మందు కలిపినాడని మావాళ్లు ఊగిపోతున్నారు, కేసు పెడదామంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. నిజంగా మందేనా అని ఎట్ల తెలుసుకోవాల?

ప్రొద్దుటూరు నుంచి:
ఉరుములకు చేపలు చస్తాయని మా పెద్దోళ్లు అనేవాళ్లు, అదేమో చూడండి.

కర్నూలు, చేపల పెంపకం:
తమ్ముడూ, ముందు కేసు మాట పక్కన పెట్టించు. చచ్చిన చేపలు కుళ్లిపోకముందే చూడాల్సినవి ఉన్నాయి, అవి పోతే తర్వాత ఎవరూ ఏమీ తేల్చలేరు, ఊళ్లో పగ మాత్రం మిగులుతుంది.

కట్ట మీద నిలబడి ఏం చచ్చింది, ఏం బతికింది అని చూడు. కొరమీను, మట్టగిడస లాంటివి నీళ్లలో ఊపిరాడకపోతే పైకొచ్చి గాలి పీల్చుకోగలవు. బొచ్చె, రోహులకు ఆ శక్తి లేదు. కాబట్టి బొచ్చెలు పోయి కొరమీను బతికి ఉంటే అది ఆక్సిజన్ తగ్గి చచ్చినట్టే అనుకోవచ్చు. అందులోనూ పెద్ద చేపలు ముందు పోతాయి, చిన్నవి తట్టుకుంటాయి, చచ్చినవాటి నోరు తెరుచుకుని మొప్పలు విచ్చుకుని ఉంటాయి. పురుగుమందైతే లెక్క వేరు: చిన్న చేపపిల్లలు, రొయ్యలు, నీటి పురుగులు, కప్పపిల్లలు ముందు పోతాయి, చేపలు చచ్చే ముందు పిచ్చిపట్టినట్టు గిరగిరా తిరిగి ఎగిరెగిరి పడతాయి. సైపర్‌మెత్రిన్ లాంటి మందులు చేపలకు మహా విషం, స్ప్రేయర్ డబ్బా కుంటలో కడిగినా చాలు. రోగమైతే ఒక్క రాత్రిలో ఇట్ల పోవు, రోజూ కొన్ని కొన్ని చస్తాయి, ఒంటి మీద పుండ్లు కనపడతాయి, ఎక్కువగా ఒకే జాతి పోతుంది.

ఇంకొకటి, ఏ వేళకు చచ్చినాయి? నువ్వు తెల్లారి అన్నావు. నీళ్లలోని నాచు పగలు ఎండకు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు చేపలతో పాటు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ. మూడు రోజులు ఎండ లేకపోతే పగలు చేరాల్సింది చేరలేదు, రాత్రి ఖర్చు మాత్రం ఆగలేదు. మన సీమ ఎండలకు నీళ్లు వేడెక్కితే అసలు నిలిచేదే తక్కువ. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 30 డిగ్రీల నీళ్లు 7.5 దాకానే పట్టుకుంటాయి. బొచ్చె, రోహులకు 5 ఉంటే సుఖం, 3 కంటే తగ్గితే పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి, 1 దగ్గరికొస్తే చస్తాయి.

ఉరుముల మాట అన్నది ఎవరో గానీ అందులో కొంత నిజం ఉంది. ఉరుము చంపదు, దాంతో వచ్చే వాన చంపుతుంది. చల్లని వాన నీళ్లు, గాలి కలిసి కుంటను కలియబెట్టేస్తాయి. అడుగున ఆక్సిజన్ లేకుండా బురద వాయువులతో ఉన్న నీళ్లు పైకొస్తాయి, దానికి తోడు పైనుంచి పేడ, మురుగు కొట్టుకొచ్చి కుళ్లుతాయి.

నీళ్ల రంగు ఏంటో చెప్పు. పచ్చగా చిక్కగా ఉండి, ఇప్పుడు గోధుమ రంగుకు మారి వాసన వస్తోందా? అట్లైతే నాచు కూడా చచ్చింది, అది కుళ్లేకొద్దీ ఆక్సిజన్ ఇంకా తగ్గుతుంది.

గుత్తి పక్క పల్లె:
అన్నా, ఇప్పుడే పోయి చూసొచ్చినా. మొన్నటిదాకా పచ్చగా ఉండె, మోచేతి దాకా ముంచితే అరచెయ్యి కనపడేది కాదు. ఇప్పుడు టీ రంగు, కంపు. కొరమీను బతికే ఉంది, కప్పలు కూడా. చిన్న రోహులు ఒడ్డు పక్కన పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. సున్నం చల్లమని ఒకాయన అన్నాడు, చల్లాలా?

కర్నూలు, చేపల పెంపకం:
ఇవన్నీ ఆక్సిజన్ వైపే చూపిస్తున్నాయి తమ్ముడూ, ఆ తోటాయన మీదికి పోవద్దని మీవాళ్లకు గట్టిగా చెప్పు. సున్నం ఇప్పుడే వద్దు. చచ్చినవి కుళ్లుతుంటే నీళ్లలో అమ్మోనియా చేరుతుంది, సున్నంతో పీహెచ్, అంటే నీళ్లలో పులుపు, క్షారం కొలిచే లెక్క, పెరిగితే ఆ అమ్మోనియా విషంగా మారుతుంది. పీహెచ్ 7 దగ్గర అందులో నూటికి ఒక వంతు కూడా విషరూపంలో ఉండదు, 9కి పోతే 30 డిగ్రీల నీళ్లలో నూటికి 40 పైనే అవుతుంది.

చచ్చినవన్నీ ఇవాళే తీసి, కుంటకు, బోరుకు దూరంగా లోతుగా పూడ్చండి. ఎవరూ తినొద్దు, అమ్మొద్దు, తక్కువ ధరకైనా సరే. మేత, పేడ పూర్తిగా ఆపేయండి. డీజిల్ ఇంజన్‌తో కుంట నీళ్లే పైనుంచి తోడి, కట్ట మీద నుంచి ఎత్తుగా చిమ్మేట్టు మళ్లీ కుంటలోకే పోయండి, అడుగు బురద లాగొద్దు. బోరు నీళ్లు కలిపినా మంచిదే, కానీ బోరు నీళ్లలో ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది కాబట్టి వాటినీ చిమ్మించాల్సిందే.

అయినా అనుమానం తీరకపోతే కొనప్రాణంతో ఉన్నదో, అప్పుడే చచ్చినదో చేప తీసుకుని ఐసులో పెట్టండి, కుళ్లినది పనికిరాదు. శుభ్రమైన గాజు సీసాను నీళ్లలో ముంచి, గాలి బుడగ లేకుండా నింపి మూత పెట్టి దాన్ని కూడా ఐసులోనే ఉంచండి. రెండూ తీసుకుని జిల్లా మత్స్యశాఖ కార్యాలయానికి పోండి, పరీక్ష ఎక్కడ చేయించాలో వాళ్లు చెప్తారు. ఆక్వా మందుల దుకాణంలో డీఓ కిట్, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచేది, దొరికితే కొనండి, తెల్లవారుజామున చూడాల, మధ్యాహ్నం చూస్తే బాగానే ఉన్నట్టు కనపడి మోసపోతారు.

గుత్తి పక్క పల్లె:
ఇంజన్ దొరికింది అన్నా. ఇప్పుడే మొదలుపెడతాం.

కర్నూలు, చేపల పెంపకం:
మంచిది, ఇప్పుడే పెట్టండి, చేపలు నోళ్లు తెరుస్తున్నాయంటే ఆగే టైం కాదు. డీజిల్ మాత్రం చూసుకోండి, రాత్రి పది నుంచి పొద్దు పొడిచేదాకా ఆపకుండా తిరగాల. నాలుగు గంటలకు టార్చి వేసి ఒడ్డు చూడు, ఇంకా నోళ్లు తెరుస్తుంటే రెండో ఇంజన్ దించండి.