అప్‌డేట్: మా ముసలి పిల్లి మళ్లీ కిటికీ ఎక్కింది

14 ఏళ్ల మా బుజ్జి కిటికీ గట్టు ఎక్కడం మానేసిందని, ఇసుక ట్రే పక్కనే మూత్రం పోస్తోందని 6 వారాల కిందట ఇక్కడ అడిగాను. వయసు కదా అని సరిపెట్టుకోవద్దన్న వారందరికీ కృతజ్ఞతలు. ఎక్స్‌రేలో మోచేతి కీళ్లు, తుంటి కీళ్లు అరిగినట్టు తేలింది.

డాక్టరు రక్తపరీక్ష చేయించి, కిడ్నీలు బాగున్నాయని చూశాకే మెలాక్సికామ్ అనే నొప్పి తగ్గించే మందు చుక్కలు రాశారు, అదీ బరువును బట్టి. అన్నట్టు, అర బిళ్ల పారాసిటమాల్ వేయమని ఒకరు సలహా ఇచ్చారు. ఎవరూ ఆ పని చేయకండి. పిల్లి కాలేయం దాన్ని అరాయించుకోలేదు, ప్రాణం పోతుంది.

నాకు ఆశ్చర్యం కలిగించింది మాత్రం ట్రే. ముందు అంచును రెండు అంగుళాల ఎత్తుకు కోసి, గీసుకోకుండా టేపు చుట్టాను. మర్నాటి నుంచే నేల పొడిగా ఉంది! పాపం, అన్నాళ్లూ కాలెత్తలేకే బయట పోసింది, నేనేమో కోప్పడ్డాను.

కిటికీ కింద పీట వేసి, జారకుండా గోనెపట్టా పరిచాను. మొన్న ఉదయం ముందుకాళ్లు పీట మీద పెట్టి, చాలాసేపు ఆలోచించి, ఎక్కేసింది. దిగడానికి మాత్రం ఇంకా నన్నే పిలుస్తోంది.