అక్క పురిటికి అనంతపురం వస్తే, పుట్టే బిడ్డకు బ్రిటిష్ పౌరసత్వం ఉంటుందా?

తాడిపత్రి తమ్ముడు

అందరికీ నమస్కారం. వారం నుంచి ఇంట్లో ఇదే గొడవ, తేలడం లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నా. మా అక్క స్పౌస్ వీసా మీద బర్మింగ్‌హామ్ వెళ్ళి రెండేళ్ళయింది, ఇప్పుడు ఐదో నెల. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలని అమ్మ పట్టుబట్టింది. అనంతపురంలో డాక్టరమ్మతో మాట్లాడేసింది, సొంఠి పొడి, వెల్లుల్లి కారం డబ్బాలకెత్తి మూతల మీద గుడ్డ కూడా కట్టి పెట్టింది.

బావది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే. ఐఎల్ఆర్ (అక్కడ శాశ్వతంగా ఉండిపోయే అనుమతి) ఉంది, పోయిన నెలలోనే సిటిజన్‌షిప్‌కు అప్లై చేశాడు. మా మామ ఒకాయన "నాయనకు వస్తే బిడ్డకు దానంతట అదే వస్తుంది, యాడ పుడితే ఏమి" అంటున్నాడు. బావ అత్తగారి మాట కాదనలేక ఫోన్లో నసుగుతున్నాడు. ఎవరి మాట నిజం? ఇంకోటి, పెళ్ళి చేసుకుంది కాబట్టి అక్కకు కూడా వచ్చేస్తుందా?

కడప కోడలు

తమ్ముడూ, ముందు మీ మామను పక్కన కూర్చోబెట్టు. ఇదే మాట మా ఇంట్లోనూ ఒక పెద్దాయన చెప్పాడు, నేను నమ్మాను.

2018లో మాకు సరిగ్గా ఇదే పరిస్థితి. ఆయనకు ఐఎల్ఆర్ ఉంది, సిటిజన్‌షిప్ అప్లికేషన్ లోపల ఉంది, నేను ఏడో నెలలో కడప వచ్చేశాను. పాప పుట్టిన నలభై రోజులకు ఆయన సెరిమొనీ, అంటే పౌరసత్వం ఇచ్చేముందు ప్రమాణం చేయించేది, జరిగింది. ఆ నలభై రోజులే మా కొంప ముంచాయి. పాప పుట్టిన రోజున తండ్రి ఇండియన్, పుట్టింది కడపలో, కాబట్టి పాప ఇండియనే. తర్వాత తండ్రి బ్రిటిష్ అయినా వెనక్కి వెళ్ళి పాపకు అంటుకోదు. పాపకు ఇండియన్ పాస్‌పోర్ట్ తీసి, హైదరాబాద్ తిరిగి, వీసా వచ్చేసరికి ఐదు నెలలు పట్టింది. పాప బోర్లా పడటం ఆయన వాట్సాప్‌లోనే చూశాడు. పాపకు ఐఎల్ఆర్ ఫీజు, పౌరసత్వం రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ తర్వాత విడివిడిగా కట్టుకున్నాం. చిన్నోడు లెస్టర్‌లో పుట్టాడు, వాడికి ఇవేవీ లేవు, నేరుగా పాస్‌పోర్ట్‌కే అప్లై చేశాం.

గుత్తి కోట

ఏమో అక్కా, మా చుట్టాలమ్మాయి అక్కడ డాక్టర్ కాకుండా నర్సే కాన్పు చేసిందని చెప్పింది. పాస్‌పోర్ట్ కోసం పిల్లను కష్టపెట్టడమేంటి, అనంతపురంలో హాయిగా చేయించుకోక?

కడప కోడలు

ఆమె నర్సు కాదు నాయనా, మిడ్‌వైఫ్. వాళ్ళ చదువే అది. నా రెండో కాన్పు చేసింది మిడ్‌వైఫే, అవసరమైతే డాక్టర్ పక్క గదిలోనే ఉంటారు. వీసాతో పాటు అక్కడి ప్రభుత్వ వైద్యానికని హెల్త్ సర్‌చార్జ్ ముందే కట్టి ఉంటాం కాబట్టి కాన్పుకు బిల్లు కూడా లేదు. అమ్మ పక్కన లేదన్న బాధ మాత్రం నిజమే, ఆ రాత్రి బాగా ఏడ్చాను.

రూల్స్ రాయుడు

అక్క చెప్పింది కరెక్టు. అసలు లెక్క ఏంటంటే, 1983 జనవరి 1 నుంచి బ్రిటన్‌లో పుట్టినంత మాత్రాన ఎవరూ బ్రిటిష్ కారు. పుట్టిన రోజున తల్లికి గానీ తండ్రికి గానీ పౌరసత్వమో, ఐఎల్ఆర్ లాంటి సెటిల్‌మెంటో ఉండాలి. మీ బావకు ఐఎల్ఆర్ ఉంది కాబట్టి బిడ్డ బర్మింగ్‌హామ్‌లో పుడితే చాలు, సెరిమొనీ అయినా కాకపోయినా పుట్టుకతోనే బ్రిటిష్.

అనంతపురంలో పుడితే ఐఎల్ఆర్ ఎందుకూ పనికిరాదు, ఆ రోజుకి తండ్రి పౌరుడై ఉండాల్సిందే. అప్రూవల్ లెటర్ వచ్చిన రోజు కాదు, సెరిమొనీలో ప్రమాణం చేసిన రోజు లెక్క. హోం ఆఫీస్ (పౌరసత్వం, వీసాలు చూసే బ్రిటన్ శాఖ) మామూలుగా ఆరు నెలల్లోపు నిర్ణయం చెబుతామంటుంది, ఆ తర్వాత సెరిమొనీకి మూడు నెలల వరకు గడువు. మీ అక్కకు మిగిలింది నాలుగు నెలలు. లెక్క నువ్వే వేసుకో.

ఒకవేళ సెరిమొనీ ముందే అయిపోయి, తర్వాత బిడ్డ ఇక్కడ పుట్టినా పౌరసత్వం వస్తుంది, కానీ అది 'బై డిసెంట్'. అంటే రేపు ఆ బిడ్డ పెద్దయ్యి ఇండియాలో పిల్లల్ని కంటే వాళ్ళకు మామూలుగా దానంతట అదే రాదు. అది పాతికేళ్ళ తర్వాతి తలనొప్పి అనుకో.

ఇక అక్క సంగతి. పెళ్ళితో పాస్‌పోర్ట్ రాదు, దారి కాస్త దగ్గరవుతుంది అంతే. స్పౌస్ వీసా మీద ఐదేళ్ళుండి ఐఎల్ఆర్ తెచ్చుకోవాలి. అప్పటికి బావ బ్రిటిష్ అయి ఉంటే ఐఎల్ఆర్ రాగానే అప్లై చేయొచ్చు, లేకపోతే మామూలుగా ఇంకో ఏడాది ఆగాలి. భర్త పౌరుడైతే వెనక్కి మూడేళ్ళు చూస్తారు, మొత్తం 270 రోజులకు మించి దేశం బయట ఉండకూడదు, చివరి ఏడాదిలో 90కి మించకూడదు. పురిటికని వచ్చి ఆరేడు నెలలు ఉండిపోతారు చూడు, ఆ మూడేళ్ళలో పడితే అదంతా ఇందులో పోతుంది. లైఫ్ ఇన్ ది యూకే పరీక్ష కూడా ఉంటుంది, 24 ప్రశ్నల్లో 18 సరిగ్గా రాయాలి. జేఎన్‌టీయూ డిగ్రీ ఉంటే ఇంగ్లీష్ వచ్చనడానికి రుజువుగా చూపించొచ్చు, కానీ ఎక్టిస్ (విదేశీ డిగ్రీలను అక్కడివాటితో పోల్చి చెప్పే సంస్థ) నుంచి సర్టిఫికెట్ తెప్పించుకోవాలి, ఉత్త మార్కుల మెమో చూపిస్తే కుదరదు.

ఉరవకొండ రైతు

సందు దొరికింది కాబట్టి నాదొక మాట. బావకు సెరిమొనీ అయిన రోజుతో ఇండియన్ పౌరసత్వం పోయినట్టే, మన దేశం రెండూ ఒప్పుకోదు. పాస్‌పోర్ట్ సరెండర్ చేసి ఓసీఐ (విదేశీ పౌరులైన మనవాళ్ళకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) తీసుకోవాలి. ఓసీఐకి ఓటు లేదు, వ్యవసాయ భూమి కొనకూడదు, దానంగా రాయించుకోకూడదు, వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు. వేరుశనగ చేను అల్లుడి పేరున రాయాలనే ఆలోచన మీ నాన్నకుంటే ముందే చెప్పు.

తాడిపత్రి తమ్ముడు

అందరికీ థాంక్స్. మూడెకరాలు, బోరు ఎండిపోయింది, అది ఎవరూ అడగరులే అన్నా.

కడప అక్క మెసేజ్ అమ్మకు చదివి వినిపించా. నలభై రోజుల దగ్గర ఆగి, మళ్ళీ చదవమంది. తర్వాత "అయితే నేనే పోతా" అంది. విజిటర్ వీసాకు ఆరు నెలలు ఇస్తారట కదా, సరిపోతుంది. కానీ బీరువాలోంచి అమ్మ పాస్‌పోర్ట్ తీస్తే 2021లోనే అయిపోయి ఉంది, పైగా అందులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే. రేపు పొద్దున ఆ పని మీద పోతున్నా. ఇంకో డౌటు, ఆ డబ్బాలు పట్టుకెళ్ళనిస్తారా?

కడప కోడలు

పొడులు, కారం పర్లేదు, గట్టిగా ప్యాక్ చేయించు. నెయ్యి మాత్రం పెట్టొద్దు, పాల పదార్థాలు రానివ్వరు. మా అత్త డబ్బా ఎయిర్‌పోర్టులోనే పోయింది, ఇప్పటికీ చెబుతుంది.